ఇంటి కుండ బెల్లం

నేను ఏడో తరగతి నడిమధ్యలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. తర్వాత నిజామాబాద్‌లో ఒక టిఫిన్ హోటల్లో ప్లేట్లు కడిగాను, పిండి రుబ్బాను. కాఫీ మాస్టరు చెల్లెలి పెళ్ళికని ఊరికి పోయి మళ్ళీ రాకపోవడంతో ఆయన పొయ్యి దగ్గర నన్ను నిలబెట్టారు. అక్కడ నేర్చుకున్నదే నా చదువు. ఇప్పుడు బోధన్ నుంచి వర్ని పోయే తోవలో, కాలువ దాటగానే వచ్చే మా ఊరి మూలమీద నా కాఫీ బండి ఉంది. దాని నుదుట ‘డిగ్రీ కాఫీ’ అని పెద్ద అక్షరాలతో రాయించాను. డిగ్రీ చదివిన పిల్లలు వచ్చి నా దగ్గర డిగ్రీ కొనుక్కుని తాగుతుంటే మా పంతులు చూడాలని నాకెంత ఆశో.

మా వైపు అంతా చాయ్ రాజ్యం. పొద్దున లేస్తే చాయ్, చుట్టం వస్తే చాయ్, పంచాయితీ తెగితే చాయ్, తెగకపోతే ఇంకో చాయ్. బండి పెట్టిన కొత్తలో రోడ్డవతల కిరాణం కాకా గ్లాసు వాసన చూసి ముఖం చిట్లించాడు.

“గిదేందిరా, చాయ్ మాడవెట్టినవా?”

“మాడలే కాకా, జర చదువుకున్నది. తాగి సూడు.”

“నువ్వు చదువుకోలే గని నీ చాయ్ చదువుకున్నదా!”

ఊరి సంగతి ఎందుకు, నా ఇంట్లోనే నా కాఫీ సాగలేదు. నా భార్య నేటికీ చాయ్ మనిషే. నేను బండి మీద పొద్దంతా కాఫీ కాచి ఇంటికి పోతే నా ముందు చాయ్ గ్లాసు పెడుతుంది. నేను తాగుతాను. ఇంట్లో నాకు గిరాకీ కావాలి కదా.

మొదటి రోజు నుంచీ నా కాఫీని మెచ్చినవాడు ఊళ్ళో ఒక్కడే, మా పెద్దబాపు. మా బాపుకు అన్న. ఆయనకు చెరుకు గానుగ ఉంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చుట్టుపక్కల చాలామంది చెరుకు దున్నేసి వరి వేసుకున్నారు. పెద్దబాపు మాత్రం చెరుకును ఇడిచిపెట్టలేక, చేను గట్టునే గానుగ పెట్టి, దాని పక్కన మట్టి పొయ్యి కట్టి, పెద్ద ఇనుప పెనంలో బెల్లం వండడం మొదలుపెట్టాడు. చలికాలం పొద్దున పెనం దించాక నా బండికొచ్చి చక్కెర లేని కాఫీ పోయించుకునేవాడు. ధోతి మడతలోంచి బెల్లం గడ్డ తీసి ఒక కొరుకు కొరికి, పైన ఒక గుటక తాగేవాడు. ఆ బెల్లం చింతపండంత నల్లగా ఉండేది. ఆయన బోధన్ అంగడికి పంపే బెల్లం మాత్రం పసుపు కొమ్ములా మెరిసేది. రెండూ ఒకే పెనంలోంచి వచ్చేవి.

దాని మర్మం మా ఊళ్ళో అందరికీ తెలుసు. పాకం ముదిరి దించబోయే ముందు మా పెద్దవ్వ, అంటే పెద్దబాపు భార్య, ఒక మట్టి కుండ పట్టుకొచ్చి ఇంటికి కావలసినంత గంటెతో తోడుకుంటుంది. అది ఇంటి కుండ. కుండ పక్కకు జరిగాకే పెనంలో మందు పడుతుంది. మందు అంటే డబ్బాలో వచ్చే తెల్ల పొడి. అది పడగానే నలుపు విరిగి బంగారు రంగు తేలుతుంది. అంగడికి రంగు కావాలి.

ఇది పెద్దబాపు ఒక్కడి పద్ధతి కాదు. పసుపు వేసేవాళ్ళు ఇంటికని ఒక మూల సాళ్ళు విడిగా ఉంచుకుంటారు, వాటికి మందు కొట్టరు. వరి వేసేవాళ్ళకు ఇంటి మడి వేరే. వంకాయకు ఇంటి చెట్లు నాలుగు గోడ వెనక. దీన్ని ఎవరూ దాచిపెట్టరు. చుట్టం వస్తే గర్వంగా చెప్తారు: “అంగడిది గాదు, ఇంటిది. మంచిగ తిను.”

ఒక చలి పొద్దున బస్సు కోసం నిలబడ్డ నిజామాబాద్ ఆయన ఒకరు పెద్దబాపు చేతిలోని నల్ల గడ్డను వింతగా చూశాడు. పెద్దబాపు ఒక ముక్క విరిచి ఇచ్చాడు. ఆయన చప్పరించి, “ఇట్లాంటిది మా దుకాణాల్లో దొరకదే. అక్కడంతా పచ్చగుంటది” అన్నాడు.

“గది మీకు,” అన్నాడు పెద్దబాపు తృప్తిగా. “గిది మాకు.”

బండి దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. అంత మంచి మాట ఎదురుగా పడితే నా నోరు ఊరుకుంటుందా?

“అంటే పెద్దబాపూ, మీ ఇంటోళ్ళయి కడుపులు, పట్నపోళ్ళయి రబ్బరు సంచులా?”

కాకా కాఫీ ముక్కులోకి పోయేంత నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంధనం.

“గంత తెల్లగ జేసే మందైతే జర నాకు గూడ తేరాదు? మొకానికి రాసుకుంట. పెండ్లప్పుడు మా అత్తగారు నల్లగున్నడని మస్తు బాధవడ్డది.”

అందరూ నవ్వారు, బస్సు ఆయన కూడా. పెద్దబాపు నవ్వలేదు. గ్లాసులో సగం కాఫీ ఉండగానే బండి మీద పెట్టేసి, కండువా దులుపుకుని పోయాడు. పొలం పిలిచినా, చుట్టం పిలిచినా గ్లాసు అడుగు చూడకుండా ఆయన కదిలింది నేనెన్నడూ చూడలేదు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ తర్వాత పెద్దవ్వ వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని వచ్చే ఆడమనిషి కాఫీ తాగడానికి రాదని నాకు తెలుసు.

“నీ నోట్లె మన్నువడ! ముసలాయనను ఏమన్నవ్ రా?”

“నేనేమన్న పెద్దవ్వా? మజాక్ జేసిన.”

“నీ మజాక్ పాడుగాను! మందు డబ్బాను మనిషిని వెట్టినట్టు గుంతదీసి వెట్టిండు. రెండు రోజుల సంది పెనమంత ఇంటి బెల్లమే దించుతుండు. కొట్టం నిండ నలుపే. గదంత ఎవడు గొంటడు, నువ్వు గొంటవా?”

“మరి పెద్దబాపు ఏమంటుండు?”

“ఏమంటడు! ‘పోరడు అన్నది తప్పా?’ అని నన్నే అడుగుతుండు.”

నేను అన్నది తప్పు కాదు. అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ మాట నాది, కొట్టం నిండిన నలుపు ఆయనది. అందుకే ఆ బెల్లం ట్రాలీకెత్తి బోధన్ పోతుంటే నేను కూడా ఎక్కి కూర్చున్నాను. ట్రాక్టరు నడిపింది పెద్దబాపు కొడుకు, నాకు అన్న. తోవంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

బోధన్‌లో ఏళ్ళ తరబడి మా బెల్లం కొనే సేటు ట్రాలీలోకి తొంగి చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

“యే క్యా లాయా పటేల్? గుడ్ హై కీ డాంబర్?” బెల్లమా, తారా అని.

“ఇంటి బెల్లం సేటూ. మందెయ్యలే,” అన్నాడు పెద్దబాపు.

“మందెయ్యక పోతె నాకు రేపు మందు కేసయితది. నల్ల బెల్లం వెట్టుకున్ననంటె గుడుంబకు అమ్ముతున్నవా అని ఎక్సైజోళ్ళు దుకాణం మీదికస్తరు. తీస్కపో.”

మా జిల్లాలో నల్ల బెల్లానికి అంత మంచి పేరు. సారా కాచేవాళ్ళకు తప్ప దానితో ఎవరికీ పని లేదని లోకం నమ్మకం. సేటు మాట్లాడుతూనే ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. మాట పూర్తయ్యేలోపు ఇంకో ముక్క విరిచాడు.

“గుడుంబదైతే గట్ల నములుతున్నవెందుకు సేటూ?” అన్నాను.

“మాల్ అచ్ఛా హై భాయ్,” అన్నాడు ఆయన, వేళ్ళు నాకుతూ. “రంగే మంచిగ లేదు.”

తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టు మీద అన్న ట్రాక్టరు ఆపి, వెనక్కి తిరగకుండానే చెప్పాడు. “బాపూ, ఖుల్లా చెప్తున్న. గీ బెల్లం అమ్ముడు వోకుంటె, చెరుకు అయిపోయినంక గానుగ అమ్మేస్త. బార్డరవతల ఒకాయన అడుగుతనే ఉన్నడు. చేనంత వరి ఏస్త. కాలువ నీళ్ళున్నయ్, రంది లేదు.”

“వరి గూడ మంచిదే,” అన్నాడు పెద్దబాపు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేయి బెల్లం గడ్డ మీద ఉంది. పశువును అంగడికి తోలేముందు వీపు నిమిరినట్టు దాన్ని నిమురుతున్నాడు.

ఆ రోజు ఊరికొచ్చి బండి ముందు కూర్చుని డికాక్షన్ గిన్నెలోకి చూస్తుంటే నాకు ఒకటి తట్టింది. బెల్లం నల్లగా ఉందని పాలు ఏడుస్తాయి, లడ్డు ఏడుస్తుంది, అరిసె ఏడుస్తుంది. నలుపును ఎవరూ తప్పుపట్టని జాగా ఒక్కటే ఉంది. అది నా గ్లాసు! కాఫీయే నలుపు. దాంట్లో ఇంకో నలుపు పడితే ఎవరికి తెలుస్తుంది? తెలిసినా ఎవరు అడుగుతారు?

మర్నాడు పొద్దున పదిమంది చూస్తుండగా, మరుగుతున్న పాలల్లో బెల్లం గడ్డ వేసి గంభీరంగా కలిపాను. పాలు ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయి.

కాకా గిన్నెలోకి చూశాడు. “కాఫీ అంటివి, పన్నీరు జేస్తివి. ప్లేట్ల వెట్టియ్యి బిడ్డా, చెంచాతోని తింట.”

ఇంకొకాయన అన్నాడు, “జర ఉప్మా గూడ ఏస్తే టిఫినైతది.”

ఇంటికి పోయి చెప్తే నా భార్య రొట్టెలు చేస్తున్నదల్లా ఆపి నవ్వింది. “మసిలే పాలల్ల బెల్లమేస్తరా ఎవలన్న? పాయసం వండుతుంటె ఎన్నడన్న సూసినవా?”

“తిన్న గని సూడలే.”

“పొయ్యి మీదికెల్లి దించినంక, జర సల్లారినంకనే గద బెల్లమేసేది! గంత పెద్ద హోటల్ల గిది చెప్పలేదా నీకు?”

హోటల్లో చక్కెర ఉండేది. చక్కెరకు ఈ అలకలు లేవు. సరే, పాఠం మార్చుకున్నాను. బెల్లాన్ని పాలల్లో కాకుండా వేడి డికాక్షన్‌లో కరిగించి వడగట్టాను. పాలు విడిగా కాచి, పొంగు తగ్గాక పోశాను. విరగలేదు. మొదటి గుటక నేనే తాగాను. చెరుకు కాలిన వాసన, కాఫీ గింజ వేగిన వాసన ఒకే తల్లి పిల్లల్లా కలిసిపోయాయి. ఆ రోజే చక్కెర డబ్బా ఇంటికి పంపించేశాను. బండి మీద ‘డిగ్రీ’ తుడిపించి ‘ఇంటి బెల్లం కాఫీ’ అని రాయించాను. చదువు నా దగ్గర నిలవదు అని కాకా అన్నాడు.

మొదట కొందరు చక్కెర లేదని అలిగి చాయ్ హోటల్‌కు పోయారు. గుడుంబా బెల్లంతో కాఫీ కాస్తున్నాడని పుకారు లేచింది. ఆ పుకారు నాకు మంచే చేసింది. తాగితే ఏమన్నా ఎక్కుతుందేమోనని చూడడానికి కొత్త ముఖాలు వచ్చాయి. ఒకరోజు ఒక జీపు ఆగి, ఖాకీ బట్టల ఆయన దిగి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“వాసనస్తలేదా సార్? మాఫ్ జేయుండ్రి, గిది తాగితె నిద్రనే పోతది, సోయి పోదు.”

ఆయన తాగాడు, ఇంకోటి తాగాడు, ఒక గడ్డ బెల్లం రుమాలులో కట్టుకుని జీపెక్కాడు. పుకారు అక్కడితో చచ్చింది.

నా బండి ఎదురుగా ఉన్న అరుగు మీద ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. మధ్యాహ్నం వాళ్ళకు కునుకు వస్తుంది. “నిద్రరానియ్యదా గిది? అయితే తే తమ్మీ,” అని వాళ్ళు అలవాటు పడ్డారు. వాళ్ళల్లో పసుపు చేను ఉన్న అక్క ఒకామె గ్లాసు ఖాళీ చేసి అడిగింది, “మా ఇంట్ల పసుపు గూడ గిట్లనే, ఇంటిది వేరే ఉన్నది. తేవాల్నా? ఎవలన్న గొంటరా?”

ఈ మాట పెద్దబాపుకు చెప్పాను. బోధన్ నుంచి వచ్చాక ఆయన నాతో మళ్ళీ మాట్లాడుతున్నాడు గాని కాఫీ ముట్టడం లేదు. బెల్లం మాత్రం నాకు కావలసినంత పంపేవాడు. విని, “ఆదివారం నాడు గానుగ కాడికి తెమ్మను. నువ్వు గూడ బండి ఆడికే తే,” అన్నాడు. “గని ఒకటి. ఇంట్ల తినేదే తేవాలె. తెచ్చినోడు అందరి ముంగట మొదలు తానే తినాలె. తినంది అమ్మద్దు.”

గానుగ దగ్గరికి వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపకపోవడం ముందు నుంచీ ఉన్నదే. చెరుకు రసమో, ఆకులో వేడి బెల్లమో చేతిలో పెడతారు. ఇప్పుడు దానికి కాఫీ తోడైంది. పిప్పి మంట దగ్గర చలి కాగుతూ జనం చేరారు. పసుపు అక్క పాలల్లో తన పసుపు కలుపుకుని తాగింది. మిరపకాయలు తెచ్చినాయన నియమం విని తెల్లబోయి, అయినా ఒకటి కొరికి, “ఏడుస్తలే, ఖుషయితున్న,” అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నిజామాబాద్ నుంచి ఆ బస్సు ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చి బెల్లం, బియ్యం మోసుకుపోయాడు. తర్వాతి వారం ఆయన వీధిలోవాళ్ళు వచ్చారు.

వంకాయలు తెచ్చినాయన దగ్గర మాత్రం తకరారు వచ్చింది. “నాకు వంకాయ పడది. దురద,” అన్నాడు. పెద్దవ్వ అక్కడే నిప్పుల మీద కాల్చి ఆయన భార్య చేతికిచ్చింది. ఆమె తినలేదు. “మొన్ననే మందు గొట్టిండు, నేనెట్ల తింట?” అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ నవ్వు కాలువ అవతలికి వినపడి ఉంటుంది. ఆయనా నవ్వి గంప ఎత్తుకుని పోయాడు. కొన్నాళ్ళకు గోడ వెనకటి చెట్ల కాయలు తెచ్చి, పచ్చిదే ఒకటి కరకర నమిలి చూపించాడు. దురద ఎటు పోయిందని ఎవరూ అడగలేదు. నేను తప్ప.

దానికి ఫలితం వెంటనే అనుభవించాను. “అందర్ని అంటున్నవ్,” అన్నాడు పెద్దబాపు. “నీ ఇంట్ల ఏం తాగుతున్నరు రా?”

అంతా నా వైపు చూశారు. “చాయ్,” అన్నాను. నా భార్యను మధ్యలోకి పిలిచారు. ఆమె గ్లాసు తీసుకుని, ముక్కు మూసుకుని ఒక గుటక తాగి, కాసేపు ఆగి ఇంకో గుటక తాగింది.

“మాడిందే,” అంది. “గని బెల్లం మంచిగున్నది.”

అది పాసు మార్కుల కింద లెక్క అని పెద్దబాపు తీర్పు చెప్పాడు. నా బతుకులో నేను పాసైన పరీక్ష అదొక్కటే.

ఇంత జరుగుతున్నా కొట్టంలో నలుపు ఇంకా ఉంది. ఆదివారం జనం కొన్నది పోగా, నా బండి తాగింది పోగా మిగిలింది. అన్న రోజూ కొట్టం తలుపు తీసి చూసి మూసేవాడు. చెరుకు కోత చివరికొచ్చిన ఆదివారం, ఆయన బార్డరవతలి ఆసామిని తీసుకుని గానుగ దగ్గరికి వచ్చాడు. ఎర్ర తలపాగా, పెద్ద మీసం. ఆసామి గానుగ చుట్టూ తిరిగి, రోలర్ల మీద చేయి పెట్టి, “చాలూ ఆహే?” అని మరాఠీలో అడిగాడు. నడుస్తోందని అన్న తలూపాడు. అప్పటిదాకా ముచ్చట్లలో ఉన్న జనం గానుగ వైపు తిరిగారు. నాకు ఏ మజాకూ నోటికి రాలేదు. ఆసామికి ఒక గ్లాసు కాఫీ మాత్రం ఇచ్చాను, చేయి ఖాళీగా ఉండకూడదు కదా.

పెనంలో పాకం ముదిరింది. దించే వేళయింది. ఎప్పటిలాగే పెద్దవ్వ తన కుండ, గంటె పట్టుకుని వచ్చింది. చేతికి పట్టిన అలవాటు అది. మందు మానేశాక కూడా, ఆ చలికాలమంతా ఆమె మొదట ఇంటి కుండ నింపుకునే పక్కకు జరిగింది.

పెద్దబాపు ఆమె చేతిలోని గంటెను ఆపాడు. “కుండెందుకే? పెనమంత ఇంటిదే గద.”

పెద్దవ్వ ఖాళీ కుండతో అట్లాగే నిలబడింది. పెనం వైపు చూసింది, గ్లాసులు పట్టుకుని నిలబడ్డ మా అందరి వైపు చూసింది. “మరి గీ కుండనేం జేసుకోను?” అంది.

ఆసామి పక్కనుంచి అన్న ముందుకొచ్చాడు. తల్లి చేతిలోని కుండ తీసుకుని, గంటె కూడా తీసుకుని, వంగి తానే పాకం తోడి నింపాడు. చేతులు కాలుతుంటే కండువా చుట్టుకుని మోసుకొచ్చి నా బండి మీద పెట్టాడు.

“గిది కాఫీకి,” అన్నాడు. ట్రాక్టరు మీద మౌనం తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. ఆసామి వైపు తిరిగి, “కాకా, కాఫీ తాగి పో. గానుగ గీడనే ఉంటది,” అన్నాడు.

ఆసామి గ్లాసు అడుగున మిగిలిన చుక్క కూడా వంచుకుని, మీసం తుడుచుకుని పెనం వైపు చూశాడు. “మగ్ గూళ్ తరీ ద్యా,” అన్నాడు. గానుగ లేకపోతే మానె, బెల్లమన్నా ఇవ్వండి అని. ఆ మరాఠీ అర్థం కానివాళ్ళు కూడా నవ్వారు.

ఈ ఏడు అన్న సగం చేను వరి వేశాడు, సగం చెరుకు ఉంచాడు. బోధన్ సేటు ఇప్పటికీ రంగు బాగలేదనే అంటాడు. కాకపోతే ఇంటికి కావాలని మనిషిని పంపి నల్లదే తెప్పించుకుంటున్నాడు. కుండ నా బండి మీదే ఉంది.

ఆసామి వచ్చిన ఆ ఆదివారం జనం కదిలాక పెద్దబాపు నా బండి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నేను గ్లాసు నిండా పోయబోతే చేయి అడ్డం పెట్టాడు.

“నిండ ఎందుకురా? ఆనాడు సగం ఇడిశిపెట్టి పోయిన గద. గా సగం పొయ్యి.”

పోశాను. ఆయన ధోతి మడతలోంచి గడ్డ తీసి, ఒక కొరుకు కొరికి, అడుగు కనిపించేదాకా తాగాడు.